దూరాన ఉన్న స్టైలిస్టుకు ఆది ఇవ్వడం: ఆన్‌లైన్ స్టైలింగ్ సేవను మొదటిసారి ఎలా వాడుకోవాలి

జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్ళినప్పుడు మన ఇళ్ళలో ఎవరూ అంగుళాలు చెప్పరు. ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి సంచిలో వేసుకొని వెళ్ళి, "ఇది ఆది, మెడ మాత్రం ఒక వేలు పైకి పెట్టండి" అని చెప్పి వస్తారు. దర్జీ ఆదిని చూసి సగం, మనిషిని చూసి సగం అర్థం చేసుకుంటాడు. ఆన్‌లైన్‌లో దుస్తులు ఎంపిక చేసి పెట్టే స్టైలిస్టుకు ఈ రెండు వసతులూ లేవు. బెంగళూరులోనో ముంబయిలోనో కూర్చున్న ఆమెకు మీ నడక, మీరు పనిచేసే చోటు, మీ ఇంటి అలవాట్లు ఏవీ కనిపించవు. మీరు నింపిన ఫారం, పంపిన నాలుగు ఫోటోలే ఆమెకు ఆది.

నేను హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మొదటిసారి ఇటువంటి సేవ తీసుకున్నప్పుడు వచ్చిన ఐదింటిలో నాలుగు తిప్పి పంపవలసి వచ్చింది. తప్పంతా ఎంపిక చేసినవారిదే అనుకున్నాను గాని, నేను నింపిన ఫారాన్ని మళ్ళీ చదువుకున్నప్పుడు అందులో సగం నాదేనని తెలిసింది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఆదిని తయారు చేసుకోవడం గురించే ఉంటుంది. డబ్బు కట్టడం, పెట్టె విప్పడం, తిప్పి పంపడం దాని తరువాత వస్తాయి.

సేవ ఏ రకమో ముందు తేల్చుకోండి

స్టైలింగ్ సేవ అనే ఒకే పేరు కింద మూడు వేరువేరు పనులు జరుగుతున్నాయి. మొదటిది పెట్టె పంపే పద్ధతి. మీరు ఫారం నింపితే స్టైలిస్టు కొన్ని దుస్తులు ఎంచి ఇంటికి పంపుతారు, మీరు నచ్చినవి ఉంచుకొని మిగిలినవి తిప్పి పంపుతారు. అమెరికాలో 2011లో కత్రినా లేక్ స్థాపించిన స్టిచ్ ఫిక్స్ సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఐదు వస్తువుల పెట్టె, 20 డాలర్ల స్టైలింగ్ రుసుము, పెట్టెలో ఏదైనా కొంటే ఆ రుసుమును ధరలో మినహాయించడం దాని నమూనా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన పిల్లలు ఫోనులో మురిసిపోతూ చెప్పేది ఇటువంటి దాని గురించే. అయితే ఆ సంస్థ మన దేశానికి పెట్టెలు పంపదు, ఇక్కడివి ఇక్కడే వెతుక్కోవాలి. రెండవది వీడియో సంప్రదింపు. స్టైలిస్టు ముప్పావు గంటో గంటో మాట్లాడి, ఏవి కొనాలో లింకుల జాబితా పంపుతారు. కొనే బాధ్యత, తిప్పి పంపే బాధ్యత రెండూ మీవే. మూడవది, మీ బీరువాలో ఉన్నవాటినే ఫోటోల ద్వారా చూసి దేనితో ఏది వేసుకోవాలో చెప్పే సేవ.

మూడవ రకానికి ప్రచారం తక్కువ, ఎందుకంటే అందులో అమ్మడానికి ఏమీ ఉండదు. మొదటిసారి ప్రయత్నించేవారికి నేను మాత్రం దానినే ముందు చెబుతాను. అది దొరకకపోతే రెండవది, ఆ తరువాతే పెట్టె. ఏ రకమైనా సరే, ఎంపిక చేసేది మనిషా లేక సాఫ్ట్‌వేరా అని రుసుము కట్టే ముందే అడిగి తెలుసుకోండి. సాఫ్ట్‌వేర్ సలహాను ఉచితంగా ఇచ్చే యాప్‌లు ఉండగా దానికే మనిషి సలహా ధర చెల్లించడం అనవసరం.

ఒక్క అవసరాన్ని ఎంచుకోండి

"నా దుస్తులన్నీ మార్చాలి" అని అడిగితే ఎంత నేర్పున్నవారైనా ఏమీ చేయలేరు. కొత్తగా బ్యాంకు ఉద్యోగంలో చేరుతున్నారా, మీ అబ్బాయి ఇంటర్వ్యూలకు హైదరాబాదు వెళ్తున్నాడా, ప్రసవం తరువాత పాత కుర్తాలు పట్టడం లేదా, వీటిలో మీది ఏదో అది ఒక్కటే చెప్పండి. పెళ్ళి పట్టుచీరలను మొదటి ప్రయత్నంలో పెట్టుకోవద్దని నా సలహా. పట్టు చేతితో ముట్టుకొని, అంచును వెలుతురులో తిప్పి చూసి కొనవలసిన వస్తువు. దాని జాకెట్టు ఎలాగూ మన దర్జీయే కుట్టాలి. పైగా మాఘంలో ముహూర్తం పెట్టుకొని పుష్యంలో పెట్టె కోసం ఎదురుచూడటం ఎవరికీ మంచిది కాదు. రోజూ కట్టుకొనే, పని మీద వేసుకొనే దుస్తులతో మొదలుపెడితే తప్పు జరిగినా నష్టం చిన్నదిగా ఉంటుంది.

బీరువా ముందు ఒక ఆదివారం

ఫారం తెరవడానికి ముందు మీ బట్టలన్నీ మంచం మీద వేసి రెండు కుప్పలు చేయండి: నెలలో మూడుసార్లైనా వేసుకొనేవి ఒక వైపు, ఏడాదిగా ముట్టనివి మరొక వైపు. ముట్టని కుప్పలోని ప్రతి దుస్తు పక్కన అది ఎందుకు అలా ఉండిపోయిందో ఒక్క వాక్యం రాసుకోండి. "రంగు బాగుంది, చంకలో పట్టేస్తుంది", "గుడ్డ గరగరలాడుతుంది", "మెడ వెడల్పు వల్ల భుజం మీద నిలవదు", "ఇస్త్రీ లేకుండా వేసుకోలేను". ఈ వాక్యాలు మీరు దాచుకున్న సినిమా తారల ఫోటోలకన్నా పదిరెట్లు ఉపయోగపడతాయి, ఎందుకంటే ఫోటో మీ కోరికను చెబుతుంది, ఈ వాక్యం మీ ఒంటిని, అలవాటును చెబుతుంది. నా కుప్పలో 11 కుర్తాలు ఉండగా వాటిలో 7 ఒకే కారణంతో ఆగిపోయాయి. చేతులు మోచేతి పైకి ఉన్నవాటిని నేను తరగతికి వేసుకోను. ఆ సంగతి నాకే తెలియకుండా పదేళ్ళుగా కొంటూ వచ్చాను.

రెండు కుప్పల నుంచీ ఐదేసి దుస్తులను నేల మీద పరిచి పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి. వాటిలో పోచంపల్లి ఇక్కత్ చీరో, సిద్దిపేట గొల్లభామ చీరో ఉంటే నేత కనిపించేటట్లు దగ్గరగా మరొక ఫోటో తీయండి. అంచు మీద చల్లకుండతో నిలిచిన గొల్లభామ బొమ్మలు నేతలోనే వచ్చాయని బయటివారికి తెలియకపోవచ్చు. అచ్చు వేసిన గుడ్డ అనుకొని దానికి సరిపడని జాకెట్టు సూచించే అవకాశం ఉంది.

కొలతలు

అసలు పని ఇక్కడే ఉంది కనుక తొందరపడవద్దు. దర్జీలు వాడే మెత్తటి టేపు కావాలి, వడ్రంగి స్టీలు టేపు పనికిరాదు. పాత గుడ్డ టేపులు సాగిపోయి ఉంటాయి కాబట్టి వాడే ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి 12 అంగుళాలు సరిపోతున్నాయో లేదో చూడండి. చీర మీద నుంచీ, మందపాటి కుర్తా మీద నుంచీ కొలవకూడదు; పలుచటి బనియను లేదా రోజూ వేసుకొనే లోదుస్తుల మీద కొలవాలి. మరొకరి సహాయం తప్పనిసరి, ఎందుకంటే మన కొలత మనమే తీసుకొనేటప్పుడు చెయ్యి ఎత్తగానే ఛాతి, భుజం రెండూ మారిపోతాయి.

ఛాతి కొలతను నిండుగా ఉన్నచోట, టేపు ముందూ వెనుకా నేలకు సమాంతరంగా ఉండేటట్లు, ఒక వేలు దూరేంత వదులుతో తీయాలి. నడుము అంటే ప్యాంటు కట్టుకొనే చోటు కాదు; పక్కకు వంగినప్పుడు ఒళ్ళు ఎక్కడ మడతపడుతుందో అక్కడ. తుంటి కొలతను నడుముకు సుమారు 8 అంగుళాల కింద, అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట తీయాలి. భుజం కొలత వీపు వైపు నుంచి, ఒక భుజపు ఎముక చివర నుంచి రెండవ దాని చివర వరకు. కుర్తా పొడవును మెడ, భుజం కలిసే చోటు నుంచి మీకు కావలసిన చోటి దాకా కొలవండి. ఫారంలో సెంటీమీటర్లు అడిగితే అంగుళానికి 2.54 చొప్పున లెక్కవేయండి. 36 అంగుళాలు 91.4 సెంటీమీటర్లు అవుతాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఫారంలో "ఛాతి" అని ఉన్నచోట నా ఒంటి కొలత 36 అని రాశాను. ఆ గడి అడిగింది ఒంటి కొలత కాదు, దుస్తు కొలత. చొక్కాకైనా కుర్తాకైనా ఒంటి కన్నా 2 నుంచి 4 అంగుళాల వదులు ఉండాలి. దర్జీలు దీనినే లూజు అంటారు. నాకు కచ్చితంగా 36 అంగుళాల కుర్తా వచ్చింది. అద్దం ముందు నిలబడితే బాగానే ఉంది. బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తినట్లు చేసి చూస్తే చంక కింద కుట్టు పటపటమంది. కాబట్టి ప్రతి గడి దగ్గర ఇది ఒంటి కొలతా, దుస్తు కొలతా అని అడిగి, మీరు రాసిన అంకె పక్కన అది ఏదో స్పష్టంగా రాయండి.

రెండూ ఇవ్వడం ఇంకా మంచిది. మీకు బాగా కుదిరిన కుర్తాను, అంటే మీ ఆదిని, బల్ల మీద ముడతలు లేకుండా పరచి ఒక చంక నుంచి రెండవ చంక వరకు కొలిచి రెట్టింపు చేయండి. 19న్నర వస్తే దుస్తు ఛాతి 39 అన్నమాట. చేతి పొడవు, చేతి చుట్టుకొలత, అడుగు ఘేరు (కింది అంచు చుట్టుకొలత) కూడా దాని మీదనే తీయండి. మగవారు కాలర్ బొత్తాం నుంచి కాజా వరకు ఉన్న కొలతను, నచ్చిన ప్యాంటు లోపలి కాలి పొడవును ఇదే విధంగా తీసుకోవచ్చు. ఆ కుర్తా ఏ కంపెనీదో, దాని మీద ఏ సైజు రాసి ఉందో కూడా తెలియజేయండి గాని, ఒట్టి "ఎం సైజు" అని మాత్రం రాసి ఊరుకోవద్దు. మన దేశంలో రెడీమేడ్ సైజులు కంపెనీకి ఒక రకంగా ఉండటం వల్లనే ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ హైదరాబాదుతో సహా ఆరు నగరాలలో 25,000 మందికి పైగా కొలతలను త్రీడీ స్కానర్లతో తీసే ఇండియా సైజ్ సర్వేను తలపెట్టింది. ఒక కంపెనీ ఎం మరొక కంపెనీ ఎల్‌తో సమానం కావడం మీ ఒంటి దోషం కాదు.

ఫోటోలు

కిటికీకి ఎదురుగా నిలబడి, పగటి వెలుతురులో, సాదా గోడ ముందు, తల నుంచి పాదం వరకు కనిపించేటట్లు ముందు, పక్క, వెనుక వైపుల నుంచి మూడు ఫోటోలు చాలు. తీసేవారు రెండు మూడు మీటర్ల దూరంలో ఉండి ఫోనును నడుము ఎత్తులో పట్టుకోవాలి. పైనుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా, కిందనుంచి తీస్తే మనిషి పొడవుగా కనిపించి స్టైలిస్టు లెక్క తప్పుతుంది. ఫిల్టర్లు వాడవద్దు. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో చర్మపు రంగు మారిపోతుంది, పసుపు బల్బు కింద ఇంకా మారుతుంది, అందుకే పగలే తీయాలి.

ఒంటికి మరీ వదులు కాని మామూలు దుస్తులలో తీసిన ఫోటోలు ఈ పనికి పూర్తిగా సరిపోతాయి. అంతకు మించి అడిగేవారు ఎవరైనా సరే, ఎంత పెద్ద పేరు చెప్పినా సరే, సంభాషణను అక్కడితో ముగించండి. ఫోటోలను ఎంతకాలం ఉంచుతారో, ప్రకటనలకు వాడతారో లేదో రాతపూర్వకంగా అడగండి. తన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గుర్తించింది కాబట్టి ఇలా అడగటానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఫారం నింపేటప్పుడు ఊరిని కూడా చెప్పండి

"ఫార్మల్", "ఫ్యూజన్", "స్మార్ట్ క్యాజువల్" వంటి మాటలను ఒంటరిగా వాడవద్దు. అవి ముంబయిలో ఒక అర్థం ఇస్తాయి, మా హనుమకొండ సుబేదారిలో మరొక అర్థం ఇస్తాయి. నేను ఏప్రిల్‌లో "కాలేజీకి ఫార్మల్" అని రాసినందుకు లోపల పాలిస్టర్ లైనింగ్ వేసిన కోటు ఒకటి వచ్చింది. పంపినావిడకు ఏసీ గదిలో కూర్చొనే ఉద్యోగిని కళ్ళ ముందు కనిపించి ఉంటుంది. రేకుల షెడ్డులో బండి నిలిపి, మూడవ అంతస్తు మెట్లెక్కి, ఫ్యాను తిరగని గదిలో పాఠం చెప్పే మనిషి ఆమెకు ఎలా తెలుస్తుంది? రెండవసారి మాటకు బదులు నా రోజును రాశాను: "ఉదయం 9 గంటలకు స్కూటీ మీద కాజీపేట వైపు నుంచి వెళ్తాను. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. రోజుకు నాలుగు గంటలు నిలబడతాను. చేతికి సుద్ద అంటుతుంది కనుక నల్లని దుస్తులు వద్దు. చున్నీ తప్పనిసరిగా వేసుకుంటాను, బండి చక్రంలో పడకుండా పిన్ను పెట్టుకొనేటట్లు ఉండాలి." ఆ పంక్తులు చదివిన తరువాత వచ్చిన జాబితా వేరుగా ఉంది.

ఉతుకు విషయం కూడా తప్పక రాయండి. మీ ఇంట్లో బోరు నీళ్ళు వాడతారా, వాషింగ్ మెషీనులో వేస్తారా, డాబా మీద ఎర్రటి ఎండలో ఆరేస్తారా అన్నది గుడ్డ ఎంపికను మార్చేస్తుంది. ఉప్పు నీళ్ళలో ముదురు రంగులు తొందరగా వెలిసిపోతాయి. రేయాన్ మెత్తగా జారుతుంది గాని తడిసినప్పుడు బలహీనపడుతుంది, కాబట్టి బండకేసి బాదే ఇంటికి అది తగదు. నూలు మొదటి ఉతుకులో కొంత కుంచించుకుపోతుంది, లినెన్ చల్లగా ఉంటుంది గాని కూర్చుని లేచేసరికి ముడతలు పడుతుంది. చేతులు లేని కుర్తాలు ఇంట్లో వేసుకోరనుకుంటే అదీ సిగ్గుపడకుండా రాయవచ్చు. తరువాత తిప్పి పంపడం కన్నా ముందు చెప్పడమే మర్యాద.

బడ్జెట్టును మొత్తంగా కాక ఒక్కో దుస్తుకు ఇంత అని చెప్పండి. ఇందులో పన్ను లెక్క ఒకటి గుర్తుంచుకోవలసి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో దుస్తు ధర 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే మొత్తం ధర మీద 18 శాతం. పన్ను కలపక ముందు 2,500 ఉన్న కుర్తా మీద 125 రూపాయలు పడితే, 2,600 ఉన్నదాని మీద 468 పడుతుంది. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది కనుక మన కంటికి ఇది కనిపించదు, అయినా హద్దును కొద్దిగా దాటిన దుస్తును చూసినప్పుడు "దీనికి కొంచెం తక్కువలో ఇటువంటిదే ఉందా?" అని అడగటం లాభమే.

డబ్బు కట్టే ముందు

సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు వెబ్‌సైటులో ఉన్నాయో లేదో చూడండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. ఆ వివరాలే లేని చోట డబ్బు కట్టకండి. మీ పిన్‌కోడుకు పెట్టె వస్తుందా అన్నది ఒక్కటే చాలదు. తిప్పి పంపేటప్పుడు మనిషి ఇంటికి వచ్చి తీసుకువెళ్తాడా, లేక మనమే కొరియర్ ఆఫీసుకు మోసుకుపోవాలా అన్నది అంతకన్నా ముఖ్యం. హనుమకొండ 506001లో జరిగేది ములుగులోనో భూపాలపల్లిలోనో జరగకపోవచ్చు, కాబట్టి మీ పిన్‌కోడునే వేసి చూడండి. రుసుము తిరిగి వస్తుందా, కొన్నప్పుడు మినహాయిస్తారా, వాపసు డబ్బు మీ ఖాతాలోకి వస్తుందా లేక వారి వ్యాలెట్‌లో ఉండిపోతుందా, ఈ మూడింటికీ జవాబులు చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. స్టైలిస్టు పంపే లింకుల మీద వారికి కమీషన్ వస్తుందా అని కూడా అడగవచ్చు. రావడం నేరం కాదు గాని, వస్తుందని తెలిస్తే ఖరీదైన సూచనను మనం మరొకసారి ఆలోచించి చూస్తాము.

వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐ నంబరుకు ముందుగా డబ్బు పంపమంటే పంపవద్దు. వాపసు ఇస్తామని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటే అది మోసమే. డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు ఎప్పుడూ అవసరం లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

స్టైలిస్టుతో మాట్లాడేటప్పుడు

తెలుగులో మాట్లాడేవారు కావాలని ముందే అడగండి, దొరికితే సంతోషం. మంచి స్టైలిస్టు మొదటి పది నిమిషాలు అడుగుతూనే ఉంటుంది. నాతో రెండవసారి మాట్లాడిన అమ్మాయి, "మేడమ్, మీరు కూర్చొని రాసేటప్పుడు చేతులు పైకి మడుస్తారా?" అని అడిగింది. ఆ ప్రశ్నతో నాకు నమ్మకం కుదిరింది. మీరు చూపిన ప్రతిదాన్నీ "సూపర్" అంటూ పోయేవారి దగ్గర నేర్చుకొనేది ఏమీ ఉండదు.

మనలో చాలామందికి ఎదుటివారు కష్టపడి చూపిస్తుంటే వద్దనడానికి నోరు రాదు. బట్టల కొట్టులో పరుపు మీద ఇరవై చీరలు విప్పించి ఖాళీ చేతులతో లేవలేక ఒకటి కొనుక్కొచ్చే అలవాటే ఇక్కడా అడ్డం వస్తుంది. "ఇది వద్దండీ, మెడ దగ్గర బరువుగా ఉంటుంది" అని కారణంతో చెప్పండి. ఏదైనా సూచించినప్పుడు "ఇది నాకు ఎందుకు కుదురుతుందనుకుంటున్నారు?" అని అడగండి, వచ్చే జవాబులో మీ ఒళ్ళు, మీ పని కనిపించాలి, ఈ ఏడాది అందరూ వేసుకుంటున్నారన్న మాట మాత్రమే కాదు. మాట్లాడుకున్నవాటిని కాల్ ముగిసిన తరువాత సందేశంగా రాసి పంపి, సరేనని రాయించుకోండి.

పెట్టె వచ్చిన రోజు

టేపు కోయకముందు నుంచే ఫోనులో వీడియో తీయండి. బిల్లులో ఉన్నవన్నీ లోపల ఉన్నాయో లేదో సరిచూసుకొని, తిప్పి పంపడానికి చివరి తేదీని క్యాలెండరులో రాయండి. గడువును పెట్టె చేతికి అందిన రోజు నుంచి లెక్కిస్తారా, బయలుదేరిన రోజు నుంచా అన్నది షరతులలో చూసి మరీ రాయండి. ట్యాగులు తెంపవద్దు. తలనూనె, పౌడరు, పసుపు, సెంటు అంటకుండా స్నానం చేసిన వెంటనే, మీరు మామూలుగా వేసుకొనే లోదుస్తులతో, చెప్పులతో వేసి చూసుకోండి.

నిలబడి చూసుకోవడం సగం పరీక్ష మాత్రమే. కుర్చీలో కూర్చోండి, నేల మీద పీట వేసుకొని కూర్చోండి, బస్సులో కమ్మీ పట్టుకున్నట్లు చెయ్యి ఎత్తండి, కింద పడిన పెన్ను తీసినట్లు వంగండి, స్టాండు వేసి ఉన్న బండి ఎక్కి దిగండి. ఆ తరువాత దుస్తును తిరగేసి కుట్టు చూడండి. పక్క కుట్టులో అర అంగుళమైనా గుడ్డ వదిలి ఉంటే తరువాత లూజు చేయించుకోవచ్చు. ఓవర్‌లాక్ చేసి అంచు దాకా కోసేసి ఉంటే ఇక ఆశ లేదు. లోపలి చీటీలో గుడ్డ పేరు, శాతం చదవండి; కాటన్ అని చెప్పి పంపినదానిలో సగం పాలిస్టర్ ఉంటే అది చెప్పినట్లు లేని వస్తువే అవుతుంది. పొడి తెల్ల రుమాలుతో లోపలి మడత మీద రుద్దితే రంగు అంటుతుందా లేదా తెలుస్తుంది. తడి రుమాలు మాత్రం ఉంచుకుందామని తేల్చుకున్న తరువాతే, లేకపోతే మరక పడి తిరిగి తీసుకోరు.

చివరగా, కొత్త దుస్తు ఒక్కొక్కటి మీ బీరువాలో ఇప్పటికే ఉన్న మూడింటితో కలుస్తుందో లేదో మంచం మీద పేర్చి చూడండి. మూడు దొరకకపోతే తిప్పి పంపండి. దాని కోసం మళ్ళీ ప్యాంటు, చున్నీ కొనవలసి వస్తే 1,200 రూపాయల కుర్తా 3,000 అవుతుంది. ఇంట్లో ఒక్కరికే చూపించండి. వాట్సాప్ గ్రూపులో పెడితే పది నోళ్ళు పది మాటలు చెబుతాయి.

ఉంచుకోవడం, తిప్పి పంపడం

అన్నీ ఉంచుకుంటే 25 శాతం తగ్గింపు అన్నటువంటి ఆశ చూపితే కాగితం మీద లెక్క వేయండి. ఐదింటి ధర 9,000 అనుకుందాం. తగ్గింపు పోగా 6,750. మీకు నిజంగా నచ్చిన రెండింటి ధర 3,400. అంటే నచ్చని మూడింటికి 3,350 రూపాయలు ఇస్తున్నారు.

చిన్న తేడాలు ఉన్నవాటిని మన దర్జీ సరిచేయగలడా అన్నది వేరే ప్రశ్న. పొడవు తగ్గించడం, పక్క పట్టించడం, చేతులు పొట్టి చేయడం తేలిక. భుజం జారిపోతున్నా, చంక లోతు తప్పినా, మెడ మరీ వెడల్పైనా బాగుచేయడానికి దాదాపు మొత్తం విప్పవలసి వస్తుంది, ఆ కూలీతో కొత్తదే కుట్టించుకోవచ్చు. ఒక్క కుట్టు విప్పినా తిరిగి తీసుకోరు కాబట్టి దర్జీకి ఇవ్వడానికి ముందే నిర్ణయం పూర్తి కావాలి.

తిప్పి పంపేటప్పుడు ట్యాగులతో సహా ఫోటో తీసి, తీసుకువెళ్ళినవారి నుంచి రసీదో సందేశమో వచ్చేదాకా ఫోను దింపకండి. బతుకమ్మ, దసరా రోజులలో గడువు దగ్గరపడితే చివరి రోజు దాకా ఆగవద్దు. లోపం ఉన్న వస్తువును, చెప్పినదానికి భిన్నంగా వచ్చిన వస్తువును తిరిగి తీసుకోవడానికి అమ్మినవారు నిరాకరించకూడదని అవే 2020 నియమాలు చెబుతున్నాయి. ఒప్పుకోకపోతే సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్, అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు. అన్నిటికీ ఆ వీడియో, ఆ స్క్రీన్‌షాట్లే సాక్ష్యం.

రెండవ పెట్టెకు ముందు

"బాగాలేదు" అని రాస్తే స్టైలిస్టుకు ఏమీ అందదు. ఒక్కో దుస్తుకు అంగుళాలలో రాయండి: భుజం అర అంగుళం ఎక్కువ, చేతులు 2 అంగుళాలు తక్కువ, రంగు ఫోటోలోకన్నా ముదురు, గుడ్డ సరిగ్గా ఇటువంటిదే కావాలి. నా అనుభవంలో ఈ సేవ విలువ తెలిసింది రెండవసారే, అప్పుడు నాలుగింటిలో మూడు ఉంచుకున్నాను. అప్పటికీ కుదరకపోతే ఆపేయడంలో తప్పు లేదు, ఆ డబ్బుతో వరంగల్ జేపీఎన్ రోడ్డులో గుడ్డ కొని కుట్టించుకోవచ్చు.

ఆపేసినప్పుడు యాప్ తీసివేస్తే సరిపోదు. ఖాతా నుంచి దానంతటదే డబ్బు కట్టే యూపీఐ ఆటోపే జాబితాలో వారి పేరు ఉంటే రద్దు చేయండి, కొలతలు, ఫోటోలు తొలగించమని ఈమెయిల్ పంపి జవాబు వచ్చేదాకా చూడండి. కొలతల కాగితం మీద తేదీ వేసి బీరువా తలుపు లోపలి వైపు అంటించి పెట్టుకోండి. ఆరు నెలలు దాటితే మళ్ళీ టేపు తీయవలసిందే.